సాఫు లైను, గరుకు లైను

చాంద్ పాషా మైకుల దుకాణంలో ఏ స్పీకరు పెట్టె మోగినా అది ముందు పోశం చెవిన పడాల్సిందే. గోదావరిఖనిలో పదేళ్లుగా నడుస్తున్న పద్ధతి అది. పెళ్లికి మైకులు కట్టినా, గణపతి పందిట్లో ఆర్కెస్ట్రా పెట్టినా, పోశం వచ్చి నాలుగు మూలలా తిరిగి "ఎడమ పెట్టె బొంగురు వోయింది జూడు" అంటే చాలు, చాంద్ పాషా మారుమాట లేకుండా స్క్రూడ్రైవరు తీసేవాడు. ఎందుకంటే పోశం ఉద్యోగమే చెవితో. బొగ్గు గనిలో, అంటే బాయిలో, సర్దారు. పనివాళ్లు బొగ్గు దగ్గరికి పోకముందే తాను పోయి, ఇనుప పొన్ను వేసిన కర్రతో నెత్తి మీది బండను తట్టి చూడాలి. గట్టి బండ ఖంగుమంటుంది. డొల్ల బండ బొద్దుగా, ఖాళీ గోలెం తట్టినట్టు పలుకుతుంది. ఖంగుమన్న చోట సుద్దముక్కతో తేదీ వేసి పొట్టి సంతకం పెడితే గాని లోపల ఒక్క తట్ట కదలదు. "పోశన్న చెవు పెడితే బండ అబద్ధమాడది" అని బాయి మీద ఒక సామెతే పుట్టింది. పోయిన రక్షణ వారోత్సవంలో ఆ చెవికి గోడ గడియారం బహుమతిగా కూడా వచ్చింది.

తొంభై నాలుగు వానకాలం. ఆ ఆదివారం సాయంత్రం చాంద్ పాషా పోశాన్ని పిలిపించింది పెళ్లి మైకు కోసం కాదు. అక్క కొడుకు అస్గర్ కోసం. అస్గర్ వర్క్‌షాపులో ఫిట్టరు. ఇరవై ఆరేళ్లొచ్చినా నికా మాటెత్తితే పారిపోయి, ముగ్గురు జతగాళ్లతో కలిసి హెవీ మెటల్ అనే సంగీతం వాయిస్తున్నాడు. కంప్రెషరు రూములో నిలబడి ఎవరో ఎవరినో తిడుతున్నట్టు ఉంటుందది. హైదరాబాదులో ఏదో కాలేజీ పోటీ పెట్టిందట. గురువారంలోగా క్యాసెట్టు పోస్టులో పడాలి. నచ్చితే పిలిచి స్టేజీ ఎక్కిస్తారు. డ్రమ్ములు, గిటారు, గొంతు అన్నీ అయిపోయాయి. అస్గర్ వాయించే బేస్ గిటారు దగ్గర బండి ఆగింది.

"సలాం కాకా. సాఫుగ రికార్డు చేస్తే బేసు మెత్తగ వస్తుంది. డ్రమ్ముల కింద నలిగిపోతుంది," అన్నాడు అస్గర్ కష్టం చెప్పుకుంటున్నట్టు. "పాత వాల్వు ఆంప్లిఫయరుల పెట్టి, పగిలేదాక పెంచితే మంచిగ గుర్రుమంటది. గని కడుపు పోతుంది. ఉత్త పండ్లే మిగుల్తయ్."

"గందుకే రెండూ పట్టిన," అన్నాడు చాంద్ పాషా. బావమరిది దమ్మాం నుంచి తెచ్చిన నాలుగు లైన్ల రికార్డరు మీద అతనికి కన్నబిడ్డ మీద ఉన్నంత మమకారం. "మిగతాయన్ని రెండు లైన్ల సర్దిన. ఒక లైన్ల సాఫు బేసు. ఇంకో లైన్ల గరుకు బేసు. గరుకు దాంట్ల కింది బరువంతా కోసేసిన. సాఫుది బరువు మోస్తది, గరుకుది కరుస్తది. రెండూ కలిస్తే పని అయిపోవాలె. అయితలేదు. నువ్వే ఇను పోశం భాయ్."

పోశం స్టూలు లాక్కుని రెండు పెట్టెల నడుమ కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ముందు సాఫు లైను విన్నాడు. తర్వాత గరుకు లైను. తర్వాత రెండూ కలిపి. మూడోసారికి కళ్లు తెరిచాడు.

"ఇద్దరు మనుషులు బండి తోస్తుంటే జోరు పెరగాలె గద. తగ్గుతుందేంది? ఒకడు ముందుకు, ఒకడు యెనక్కి తోస్తున్నరు. తీగెలు ఉల్టా ఉన్నయ్ జూడు."

చాంద్ పాషా ఆంప్లిఫయరు వెనక్కి వంగి, గరుకు లైను తీగెలు రెండూ విప్పి, అటుది ఇటు ఇటుది అటు మార్చి మళ్లీ పట్టించాడు. ఈసారి పాట పెట్టగానే బల్ల మీది చాయ్ గ్లాసు సాసర్లో గలగలలాడింది. అస్గర్ ఎగిరి గంతేశాడు. "వహ్వా!" అని చాంద్ పాషా పోశం వీపు చరిచాడు. పోశం మొహం చాటంత అయింది.

అక్కడితో లేచి ఇంటికి పోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ మెచ్చుకున్నాక ఊరుకునే మనిషి ఎవరు? "గరుకుది ఇంకా మొద్దుగున్నది. అంచు రాలే," అంటూ పోశం తానే గుండీ మీద చెయ్యేసి తిప్పాడు. ట్రెబుల్ అనే పైసొరం పెంచాడు. ఇంకా పెంచాడు. గుండీ చివరిదాకా పోయి ఆగింది. "ఇప్పుడు జర మాట వినపడుతుంది," అన్నాడు.

అస్గర్ కనుబొమలు ముడిపడ్డాయి. సంతోషానికి అనుకున్నాడు పోశం. చాంద్ పాషా టోపీ సర్దుకుంటున్నట్టు చెవుల మీదికి లాక్కున్నాడు. చలేమో అనుకున్నాడు. మామా అల్లుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు గాని పెదవి విప్పలేదు. పోశం చెవిని కాదనే మొనగాడు ఆ గదిలో లేడు.

సోమవారం ఫస్టు షిఫ్టు. లోపల ఎప్పటిలాగే పోశం ముందు నడిచాడు. వెనక టింబర్‌మన్ ఎల్లన్న. డొల్ల బండ కింద ఆసరాగా ప్రాపులు నిలబెట్టే పని అతనిది. భుజాన సుత్తె, నోట్లో తంబాకు, మాట పొదుపు మనిషి. పోశం కర్ర ఎత్తి బండను మూడు చోట్ల తడతాడు. నాలుగడుగులు ముందుకు పోతాడు. వెనక ఎల్లన్న అలవాటుగా సుత్తె కొసతో అదే చోట తట్టుకుంటూ వస్తాడు. ఎద్దు వెనక దూడ నడిచినట్టు రెండేళ్లుగా ఇదే వరస.

మూడో జంక్షను దగ్గర పోశం తట్టి, సుద్దముక్క కోసం జేబులో చెయ్యి పెట్టాడు. భుజం మీద ఎల్లన్న చెయ్యి పడింది.

"అన్నా, ఈడొక ప్రాపు పెడ్దామా? నాకెందుకో మనసు ఒప్పుతలేదు."

"నేనూ గదే అనుకుంటున్న. పెట్టు," అన్నాడు పోశం.

ఎల్లన్న ప్రాపు నిలబెట్టి, పైన చెక్క దిగ్గొట్టాడు. అప్పుడు పోశం తేదీ వేసి సంతకం పెట్టాడు. బొగ్గు నింపే ఫిల్లర్లు పన్నెండు మంది తట్టలు పట్టుకుని వచ్చారు. వాళ్లలో నోటి దురుసు మనిషి బిక్షం ప్రాపును చూసి, "పోశన్న చెవులు కాదు గవి, కంపెనీ ఆస్తి," అన్నాడు. అందరూ నవ్వారు. ఎల్లన్న తంబాకు ఊసి పక్కకు తిరిగాడు.

పైకి వస్తుంటే చెప్పాడు, "రేపు నేను రాను అన్నా. మా ఊరు జైపూర్ల వరినాటు పడుతుంది. ఒక్కరోజు లీవు రాయించిన."

"పోయిరా. బండ యాడికి పోదు," అన్నాడు పోశం. ఎల్లన్న ఇంకేదో అనబోయి, అనకుండా దీపం అప్పజెప్పి పోయాడు.

ఆ సాయంత్రం అస్గర్ పోశం ఉండే క్వార్టరు దాకా వచ్చి క్యాసెట్టు చేతిలో పెట్టాడు. "కాకా, ఇంట్ల ఒకసారి పెట్టి ఇను. గరుకు లైను గురించి... నువ్వే చెప్పు," అని నసిగి, సైకిలెక్కి జారుకున్నాడు.

పోశం పెండ్లాం సారవ్వ గడపలో కూర్చుని గోంగూర తెంపుతున్నది. పోశం టేపురికార్డరు కిటికీలో పెట్టి మీట నొక్కాడు. పాట ఎత్తుకుందో లేదో, సారవ్వ గోంగూర వదిలేసి రెండు చెవులూ మూసుకుంది.

"ఆపవయ్యా నీ పాడుగాను! రేకు మీద రంపం వెట్టి కోసినట్టు ఏందది? పండ్లు పులుస్తున్నయ్!"

"రంపమేంది? మంచిగ గుర్రుమంటుంటే."

"గుర్రు కాదు, గీరుడు. సుయ్యిమని. నీకు వినపడ్తలేదా?"

పోశం టేపురికార్డరు చేతుల్లోకి తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. గుర్రుమనే బరువే తప్ప వేరే ఏమీ లేదు. పైసొరం గుండీ ఉంటుంది కదా, దాన్ని పూర్తిగా తగ్గించాడు. తేడా లేదు. పూర్తిగా పెంచాడు. తేడా లేదు. ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు. అవతల సారవ్వ మొహం ముడుచుకోవడం, విప్పారడం మాత్రం కనిపిస్తున్నది. తిప్పిన ప్రతిసారీ ముడుచుకుంటున్నది, విప్పారుతున్నది. చేతిలోది గుండీయా, పెండ్లాం మొహమా అన్నట్టుంది. పోశం మీట నొక్కి ఆపేశాడు.

వాన వెలిసి పొద్దు గూకుతున్నది. పోశానికి ఏదో గుర్తొచ్చింది. మెల్లగా అడిగాడు.

"సారా, ఓపెన్‌కాస్టు బాయి పేలుళ్లు వచ్చినంక ఈ కాలనీల కీచురాళ్లు పోయినయ్ గద?"

సారవ్వ వింతగా చూసింది. "యాడికి పోయినయ్? పొద్దు గూకితే ఒక్క తీరుగ ఒర్రుతనే ఉన్నయ్. గిప్పుడు సుత ఒర్రుతున్నయ్. చెవులు చిల్లులు వడ్తున్నయ్."

పోశం వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. తుమ్మ చెట్టు, తడి గోడ, మురికి కాలువ. ఎంతసేపు నిలబడ్డా అతనికి ఆ సాయంత్రం నిశ్శబ్దంగానే ఉంది. రెండు వానకాలాలుగా కీచురాళ్లు చచ్చిపోయాయని అనుకుంటూ, అయ్యో పాపం అని కంపెనీని తిట్టుకుంటూ తిరిగాడు. చచ్చింది పురుగులు కాదు. ఇరవై ఏళ్ల డ్రిల్లు మోతలో, మందు పేలుళ్లలో తన చెవే పైనుంచి కొంచెం కొంచెం రాలిపోయింది. కంపెనీ మెడికల్ పరీక్షలో డాక్టరు మనిషి వెనక నిలబడి మెల్లగా "పేరేంది?" అంటాడు. ఆయన అదే అడుగుతాడని వరసలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. పోశమూ పేరు చెప్పి వచ్చేవాడు. అందరూ చెప్పేవాళ్లే.

"ఏమైందయ్యా?" అంది సారవ్వ వెనక నుంచి.

"ఏం లే," అన్నాడు.

మంగళవారం పోశం ఒక్కడే ముందు నడిచాడు. పన్నెండు మంది ఫిల్లర్లు మలుపు దగ్గర ఆగి బీడీ లేని నోళ్లతో ముచ్చట్లు పెట్టుకుంటున్నారు. పోశం కర్ర ఎత్తి తట్టాడు. బొద్దుగా పలికింది. రెండడుగులు జరిగి తట్టాడు. అదే పలుకు. నిన్న ప్రాపు పెట్టిన చోట తట్టాడు, పెట్టని చోట తట్టాడు. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఒకే గొంతుతో పలుకుతున్నాయి. అరచేయి ఆనించి అదురు చూద్దామంటే బండ తొమ్మిదడుగుల ఎత్తున ఉంది. చెమట కళ్లలోకి కారింది. మళ్లీ తట్టాడు. తట్టి, తెలియకుండానే ఆగాడు. దేనికోసం ఆగాడో అర్థం కాలేదు. భుజం మీద ఏదో తక్కువైనట్టనిపించింది. వెనక్కి తిరిగి చూశాడు. చీకటి.

సుద్దముక్క చేతిలో ఉంది. నాలుగు గీతలు గీసి సంతకం పెడితే అయిపోతుంది. నిన్నటిదాకా పెట్టినవి ఏ ధైర్యంతో పెట్టాడు? ఇవాళ మాత్రం చెయ్యి లేవలేదు. బిక్షానికి ముగ్గురు పిల్లలు. మిగతా పదకొండు మందికీ ఇళ్లున్నాయి, వాకిళ్లున్నాయి. సుద్దముక్క జేబులో వేసుకుని మలుపు దగ్గరికి నడిచాడు.

"లోపలికి పోవద్దు. తేదీ వెయ్యలే."

"బండ ఖరాబున్నదా అన్నా?" అన్నాడు బిక్షం.

"తెల్వదు."

పోశన్న నోట 'తెల్వదు' అన్న మాట ఆ బాయిలో ఎవరూ వినలేదు. పరాచికమనుకుని ఇద్దరు నవ్వారు. గంట గడిచినా బొగ్గు కదలకపోయేసరికి అండర్ మేనేజరు దిగి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, పరుగు మీద మాట్లాడతాడు.

"ఏంటయ్యా పోశం? పన్నెండు మందిని కూర్చోబెట్టావు. బండ బాలేకపోతే ప్రాపులు పెట్టించు. బాగుంటే సంతకం పెట్టు. ఏంటి నీ బాధ?"

"నా చెవు ఇయ్యాల సరిగ పనిచేస్తలేదు సార్. నాకు వినపడ్తలేదు."

"గడియారం ఇచ్చింది ఈ చెవికేగా?" అన్నాడు అండర్ మేనేజరు. అది వెక్కిరింత కాదు, నిజంగానే అర్థం కాక అన్నాడు. బాయిలోనే పక్క భాగం చూసే సర్దారు లింగమూర్తిని పిలిపించాడు. లింగమూర్తి చిన్న వయసువాడు, పరీక్ష ప్యాసై వచ్చినవాడు. వచ్చి ఆరు చోట్ల తట్టాడు.

"ఫస్టు క్లాసుగున్నది సార్. గంట మోగినట్టు మోగుతుంది," అని తేదీ వేసి సంతకం పెట్టాడు.

బండ గట్టిదే. పోశం ఆపింది గట్టి బండ కింద. ఫిల్లర్లు తట్టలెత్తుకుని అతని పక్క నుంచే పోయారు. ఎవరూ ఏమీ అనలేదు. బిక్షం కూడా అనలేదు. అదే ఎక్కువ బాధించింది. పైకి వచ్చాక అండర్ మేనేజరు కాగితం ముందు పెట్టాడు. చెవి సరిగా లేదని పోశం తానే రాసివ్వాలి. మెడికల్ బోర్డు తేల్చేదాకా లాంపు రూములో దీపాలు తుడిచే పని. సర్దారు పని లింగమూర్తి చూసుకుంటాడు. పోశం రాసిచ్చి, కర్ర మూలన ఆనించాడు. సుద్దముక్క మాత్రం జేబులోనే మరిచిపోయాడు.

బుధవారం సాయంత్రానికి బాయి మొత్తానికి తెలిసిపోయింది. పోశం నేరుగా చాంద్ పాషా దుకాణానికి పోయి స్టూలు మీద కూలబడ్డాడు. అస్గర్ గిటారు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"ఆదివారమే ఎందుకు చెప్పలేదురా? నీ పాట ఖరాబు చేస్తుంటే చూసుకుంట కూసున్నవా?"

"నిన్నెట్ల కాదంట కాకా?" అన్నాడు అస్గర్.

"మేమిద్దరం మాట్లాడుకున్నం," అన్నాడు చాంద్ పాషా, కళ్లు తుడుచుకుంటూ. "మన చెవులే ఖరాబైనయేమో అనుకున్నం. కసమ్‌సే."

అప్పుడే ఎల్లన్న వచ్చాడు. కాళ్లకు జైపూర్ బురద ఆరింది గాని మొహాన బొగ్గు అలాగే ఉంది. షిఫ్టు దిగి స్నానం కూడా చెయ్యకుండా వచ్చాడు. వాకిట్లో నిలబడి ఏదో అనబోయాడు. పోశం చెయ్యి ఎత్తి ఆపాడు.

"ముందు గిది ఇను. రేపు పోస్టుల వడాలె. వాళ్లదన్న ఆగొద్దు."

పాట పెట్టారు. ఎల్లన్న మొహం చిట్లించాడు. "సుయ్యిమంటుంది. ఇంత రేకు మోత ఏంది?"

"తగ్గించు. నీకు ఎంత మంచిగనిపిస్తే గంత."

ఎల్లన్న మసి చేత్తోనే గుండీ పట్టుకుని తిప్పాడు. రంపం మోత పోయి గరుకు మిగిలిన చోట ఆగాడు. పోశం లేచి పెట్టె మీద అరచేయి ఆనించాడు. కింద సాఫు లైను నడుస్తున్నది, మట్టి కింద నీళ్లు కదిలినట్టు. అది అతనికి తెలుస్తున్నది. "సాఫుది జర పెంచు. బరువు చాలుతలేదు," అన్నాడు. చాంద్ పాషా పెంచాడు. ఎల్లన్న గరుకును ఇంకో వెంట్రుకవాసి తగ్గించాడు. పాట చివరిదాకా పోయింది. అస్గర్ మామ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పోటీ మాట దేవుడెరుగు, అతను ఏడాదిగా తలలో విన్న మోత ఇదే.

పోశానికి సంతోషం రాలేదు. పెట్టె మీద నుంచి చెయ్యి తీసి ఎల్లన్నను చూశాడు.

"నీకు ఎర్కేనా?"

"ఎర్కే," అన్నాడు ఎల్లన్న. "రెండు వానకాలాలాయె. మూడో జంక్షన్ల నువ్వు మంచిగున్నదన్న బండను నేను ఊకనే కొట్టిన. డొల్ల పలికింది. నీ భుజం మీద చెయ్యేసిన. పెట్టుమన్నవు. గప్పటి సంది గట్లనే నడ్సింది. నీ యెనక సుత్తె కొట్టుకుంట వచ్చుడు ఉత్త అలవాటనుకున్నవా?"

పోశం స్టూలు పట్టుకున్నాడు. సామెత తనది. గడియారం తనది. సర్దారు జీతం తనది. చెవి మాత్రం ఎల్లన్నది.

"చెప్పకపోతివి."

"చెప్తే నిన్ను తీసేస్తరు. ఇంకొకలను తెస్తరు. నువ్వు నా చెయ్యి పడితే ఆగేటోనివి. వచ్చేటోడు ఆగుతడో లేదో ఎవనికెర్క?" ఎల్లన్న గొంతు మొదటిసారి పైకి లేచింది. "ఆగలేదన్నా. ఇయ్యాల లింగమూర్తి యెనక పోయిన. కిందికి దిగే ఐదో డిప్పు దారిల ఆయన తట్టిండు. నేను ఇంకో పక్క కొట్టిన. డొల్ల. పిడికెడు కాదు, మంచమంత. భుజం మీద చెయ్యేసిన. చెయ్యి దులుపుకున్నడు. 'టింబర్‌మన్‌వు టింబర్‌మన్ లెక్కుండు, నేను పరీక్ష ప్యాసైన' అన్నడు. తేదీ వేసిండు."

"నువ్వేం జేసినవ్?"

"దొంగతనంగ ఒక ప్రాపు పెట్టిన. ఒక్కటి యాడ సాల్తది? బిక్షంకు చెప్పిన. నవ్విండు. సుద్దముక్క నా చేతుల ఉన్నదా, నా మాట ఇనటానికి?"

"బండ పడ్డదా?"

"ఇయ్యాలైతే పడలే. రేపు ఫస్టు షిఫ్టుల అదే చోట మందు పెట్టి పేలుస్తరు."

దుకాణంలో క్యాసెట్టు అయిపోయి టక్కున ఆగింది. పోశం జేబు తడుముకున్నాడు. సుద్దముక్క చేతికి తగిలింది. తీసి కాసేపు చూసి, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"సైకిల్ తియ్యి. మేనేజర్ బంగ్లాకు పోదాం. నడుమ మా ఇంటికాడ ఆపు, గడియారం వట్టుకోవాలె."

"గడియారమెందుకు? నీ మాట ఆయన ఇంటడా? చెవు పోయిందని నువ్వే రాసిచ్చినవ్ గదన్నా."

"నాది ఇనడు. నీది ఇంటడు. ఇది నాది కాదు, ఎల్లన్నదని గడియారం బల్ల మీద పెడ్త. రెండేండ్ల సంది నేను వేసిన ప్రతి తేదీ ఎల్లన్న చెవుతోని వేసినదే అని రాసిస్త. గప్పుడు ఐదో డిప్పు సంగతి నువ్వు చెప్పు."

ఎల్లన్న బిత్తరపోయాడు. చాంద్ పాషా "యా అల్లా" అన్నాడు. రెండేళ్లు వినపడకుండా సంతకాలు పెట్టానని సర్దారు రాసిస్తే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. లాంపు రూము కూడా మిగలదు.

"నౌకరి మొత్తానికే పోతదన్నా. వదినను అడిగినవా?"

పోశం అప్పటికే వాకిలి దాటాడు. వాన చినుకులు మొదలయ్యాయి. ఎల్లన్న సైకిల్ తీశాడు. పోశం వెనక కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"గట్టి బండ కింద సర్దారు పని పోయింది," అన్నాడు. "డొల్ల బండకు నౌకరి పోతే పోనియ్. తొక్కు."